అప్పజెప్పేశాను కదా!

పొద్దున పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్ల, మర్నాటికి ఆ పాఠం దేని గురించో కూడా చెప్పలేకపోతే ఏమనుకోవాలి? బద్ధకం అనుకోవాలా, మతిమరుపు అనుకోవాలా, మనతో నాటకాలాడుతోంది అనుకోవాలా? నేను ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అనుకున్నాను. ఏదీ కాదని తేలింది. నాకు మొదటినుంచీ ఒక జబ్బుంది. ఎక్కడైనా ఏదైనా వింతగా కనిపిస్తే, అది ఎందుకలా ఉందో తేలేదాకా తిన్నది అరగదు. మా ఆయన దీన్ని పక్కవాళ్ళ విషయాల్లో వేలు పెట్టడం అంటారు. అనుకోనివ్వండి, నాకేం!

నాది బస్ స్టాండులో పేపర్ల కొట్టు. పేపర్లతో పాటు పెన్నులు, దువ్వెనలు, తాళంకప్పలు కూడా అమ్ముతాను. నా కొట్టుకీ పక్కనున్న క్లోక్ రూముకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి మనిషి తల పట్టేంత కంత ఉంది. పూర్వం అక్కడ టికెట్లు ఇచ్చేవాళ్ళట. ఇప్పుడు అందులోంచి చిల్లర, టీ గ్లాసులు, కబుర్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. కంతకి అవతల ఉండే మనిషి టోకెనక్క. డ్రైవర్లూ, కండక్టర్లూ, ఊడ్చేవాళ్ళూ, నేనూ అందరం ఆమెని అలాగే పిలుస్తాం.

టోకెనక్క ఈ ఉద్యోగంలో చేరినప్పటికి ఇంకా రెండు జడలు వేసుకునే వయసే. అప్పటి నుంచీ ఆ గదిలోనే ఉంది. పెళ్ళి ఊసెత్తితే, "ఇంకో సామాను పెట్టడానికి అర ఖాళీ లేదు, వెళ్ళిరండి," అనేదట. ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు. గది నిండా ఇనుప అరలు. ఒక్కో అరకి ఒక నంబరు, ఆ నంబరున్న ఇత్తడి బిళ్ళలు రెండు. ఒకటి అర కొక్కేనికి, ఇంకోటి సామాను పెట్టినవాళ్ళ చేతికి. బరువైనవి కింద, తేలికవి పైన. పట్టీలు కిందకి వేళ్ళాడకూడదు. సామాను తీసుకునే ముందు, "పగిలేవి ఉన్నాయా, కారేవి ఉన్నాయా, కుళ్ళేవి ఉన్నాయా?" అని ఒకే ఊపులో అడుగుతుంది. ఉన్నాయంటే కోప్పడదు, దానికి తగ్గ అర చూస్తుంది.

అసలు ముచ్చట సామాను తిరిగి ఇచ్చేటప్పుడు చూడాలి. సంచీ బల్ల మీద పెట్టి, పిడి మీద చెయ్యి తియ్యకుండా, "చూసుకోండి, అన్నీ ఉన్నాయా?" అంటుంది. అవతలివాళ్ళు ఉన్నాయి అని నోటితో అనాలి. తలాడిస్తే కుదరదు. అన్నాక, "అయితే అప్పజెప్పాను," అని చెయ్యి తీసేస్తుంది. వెంటనే తడిగుడ్డ తీసుకుని ఖాళీ అయిన అరని ఎడమ నుంచి కుడికి, మూలల్లోకి వేళ్ళు పోనిచ్చి మరీ తుడుస్తుంది. వెనకాల ఎంతమంది వరసలో నిలబడి గింజుకుంటున్నా సరే, అర తుడవనిదే ఇంకో సంచీ ముట్టుకోదు.

"అప్పజెప్పాక మన దగ్గర ఏదీ మిగలకూడదు. దుమ్ము కూడా," అంటుంది.

మిగలకూడదు అంటే సామాను ఒక్కటే కాదు. ఎవరి పెట్టె ఎలా ఉంది, ఎవరితో ఎవరొచ్చారు, ఇవేవీ మనసులో ఉంచుకోకూడదట. ఒకసారి ఒకావిడ రొప్పుతూ వచ్చి, "నిన్న మా ఆయన ఇక్కడ ఎర్ర పెట్టె పెట్టాడా? పక్కన ఎవరైనా ఆడమనిషి ఉందా?" అని ఆరా తీసింది. నేను చేస్తున్న బేరం వదిలేసి కంతలో తల పెట్టాను. టోకెనక్క, "నిన్నటి అరలు నిన్ననే తుడిచేశానమ్మా," అంది. అంతే! ఆవిడ వెళ్ళాక నేను బతిమాలాను, అలిగాను, టీ తెప్పించాను. ఊఁహూఁ. నాకు నిజంగా గుర్తులేదే అంటుంది. ఈ మనిషి పక్కన ఇన్నేళ్ళు కొట్టు నడిపానంటే నాకెంత ఓర్పో మీరే ఆలోచించండి.

ఇక చిలక సంగతి. చిలక టోకెనక్కకి మేనకోడలు, తమ్ముడి కూతురు. ఆ తమ్ముడు రోడ్లు వేసే యంత్రం నడుపుతాడు. భార్య ఆ రోడ్డు పనివాళ్ళ క్యాంపులో వంట చేస్తుంది. రోడ్డు ఎంత దూరం పోతే వాళ్ళ కాపురం అంత దూరం. పిల్ల ఒక బడిలో పక్కన కూర్చునే పిల్ల పేరు నేర్చుకునేలోపు ఇంకో బడికి మారిపోయేది. ఇలా కాదని తమ్ముడు దాన్ని తెచ్చి అక్క దగ్గర ఉంచాడు. బడి విడవగానే చిలక నేరుగా క్లోక్ రూముకి వచ్చేది. అరల మధ్య ఉన్న చెక్క మెట్ల మీద కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, పాఠాలు గడగడా అప్పజెప్పేది. ఆ వరస చూసి చిలక అని పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు నా మీద అలగలేదు. ముక్కు కొంచెం వంకర, అందుకే అన్నావా పిన్నీ అని మాత్రం అడిగింది.

అయిదో తరగతితో ఆ చిన్న బడి అయిపోతుంది. ఆరుకి బస్ స్టాండు వెనక వీధిలో ఉన్న పెద్ద బడికి వెళ్ళాలి. అక్కడ ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో మాస్టారు, గంట కొట్టగానే మారిపోతుంటారు. చేర్చుకునే ముందు ప్రతి పిల్లనీ కూర్చోబెట్టి మాట్లాడతారు. పిల్ల అందుకోగలదు అనిపిస్తేనే సీటు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అక్కడ సీటొస్తే నీ దగ్గరే చదువుకుంటుంది. రాకపోతే సెలవులు అవగానే వచ్చి తీసుకుపోతాను. ఈ క్యాంపు దగ్గర కూడా ఏదో బడి ఉందిలే," అన్నాడు.

ఫోను పెట్టేశాక చిలక అడిగింది. "ఆ రోడ్డు అయిపోతే మళ్ళీ ఇంకో బడా అత్తా?"

"అవుతుందిలే, ఇప్పుడెందుకవన్నీ," అంది టోకెనక్క.

"నేను వెళ్ళను. నేను ఇక్కడే ఉంటాను," అంది చిలక.

టోకెనక్క అప్పటికే తుడిచిన అరనే మళ్ళీ తుడిచింది. నేను కంతలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోతే ఈవిడ ఏమైపోతుందో అనుకున్నాను. పైకి అనలేదు, అంటే నా మీద విరుచుకుపడేది.

సెలవులిచ్చే ముందు అయిదో తరగతి మాస్టారు టోకెనక్కని పిలిపించి అసలు సంగతి చెప్పారట. "మీ పిల్లది ఒక వింత. ఏ రోజు పాఠం ఆ రోజు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. మర్నాడు అదే అడిగితే తెల్లమొహం వేస్తుంది. పెద్ద బడిలో అలా కుదరదు. నిన్నటి దాని మీదే ఇవాళ్టిది కడతారు."

ఆ మాట బస్ స్టాండు అంతా పాకింది. పాకించింది నేనేలెండి. ఇక చూడండి సలహాలు! టీ కొట్టాయన బాదం పప్పులు నానబెట్టి పెట్టమన్నాడు. ఒక కండక్టరు కళ్ళజోడు పెట్టించమన్నాడు. కళ్ళకీ దీనికీ సంబంధమేమిటయ్యా అంటే, మా అబ్బాయికి పనిచేసింది అన్నాడు. ఊడ్చే ముసలమ్మ ఆ పిల్లని బాగా పడుకోనివ్వమంది. టోకెనక్క ఎవరు చెప్పినా కాదనలేదు. బాదం పప్పులు పెట్టింది, పడుకోబెట్టింది. కళ్ళు చూపిస్తే డాక్టరు, ఈ పిల్లకి చీమ కాళ్ళు కూడా కనిపిస్తాయి అని పంపించేశాడు. పైగా దగ్గర కూర్చోబెట్టుకుని, పాఠం చదివించి, మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించింది. ఎంత అప్పజెప్పిస్తే అంత ఖాళీ అయ్యేది ఆ బుర్ర. పాపం, టోకెనక్క చిక్కి సగమైంది.

నేను మాత్రం సలహా ఇవ్వలేదు. నా ధోరణి వేరు. ముందు అసలు రోగం ఏమిటో తేలాలి కదా!

ఒక మధ్యాహ్నం చిలకని నా కొట్టులో కూర్చోబెట్టుకుని వారపత్రికలోంచి ఒక దొంగ కథ చదివి వినిపించాను. వారం పోయాక మాటల్లో పెట్టి కదిపితే, దొంగ చొక్కా రంగుతో సహా చెప్పింది. పైగా, "ఆ పోలీసాయనకి ముందే తెలుసు పిన్నీ, ఊరికే తెలియనట్టు నటించాడు," అంది. నేను చదివినప్పుడు నాకే ఆ సంగతి తట్టలేదు. ఇక మతిమరుపు ఎక్కడిది?

పోనీ కథలు గుర్తుంటాయి, పాఠాలు గుర్తుండవేమో అనుకున్నాను. సైన్సు పుస్తకం తెమ్మన్నాను. నీళ్ళు ఆవిరయ్యే పాఠం తీసి, "ఇది చదువు. కానీ ఎవరికీ అప్పజెప్పకు," అన్నాను.

"అప్పజెప్పకపోతే మరి చదవడం ఎందుకు?" అని నన్ను ఎగాదిగా చూసింది. అయినా చదివింది.

మర్నాడు నా కొట్టు వెనక ఆరేసిన తువ్వాలు చూపించి, "గాలి వేస్తే ఇది తొందరగా ఎందుకు ఆరుతుందే?" అని అడిగాను. టకటకా చెప్పేసింది. తువ్వాలు విప్పి పరిస్తే ఇంకా తొందరగా ఆరుతుందని కూడా చెప్పి, నేను మడత పెట్టి ఆరేసినందుకు వెక్కిరించింది. సరే అని, "ఇప్పుడు ఆ పాఠం నాకు అప్పజెప్పు," అన్నాను. చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అప్పజెప్పింది. చివర్లో ఒక క్షణం ఆగి కళ్ళు తెరిచింది. సాయంత్రం అదే తువ్వాలు చూపించి అదే ప్రశ్న అడిగాను.

"ఏమో పిన్నీ, నాకు తెలీదు," అంది.

అంటే ఆ పిల్లకి చదివింది పోవడం లేదు. అప్పజెప్పింది మాత్రమే పోతోంది!

"ఒసే చిలకా, పొద్దున వచ్చింది కదే, ఇప్పుడెందుకు రావడం లేదు?"

"అప్పజెప్పేశాను కదా!" అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతున్నట్టు.

"అప్పజెప్పితే?"

"అప్పజెప్పాక మన దగ్గర ఏదీ మిగలకూడదు. అందుకని తుడిచేస్తాను."

"దేంతో తుడుస్తావే తల్లీ?"

"లోపలే," అని అరచేతిని గాలిలో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పింది. మూలల దగ్గర వేళ్ళు మడిచింది కూడా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా ఆ పిల్ల చెవిలో పడుతున్నది ఆ ఒక్క మాటే. అత్త బల్ల దగ్గర అప్పజెప్పాను అంటుంది, అర తుడుస్తుంది. బడిలో మాస్టారు పాఠం అప్పజెప్పు అంటారు. మాట ఒకటే కదా, పని కూడా ఒకటే అనుకుంది. అనుకోదూ మరి? నిజంగానే తుడిచేస్తోందో, తుడిచేశానని నమ్మి ఇక అటువైపు చూడటం మానేస్తోందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, పాఠానికీ పెట్టెకీ ఒకే మాట పెట్టినవాళ్ళని పట్టుకుని నాలుగు అడగాలనిపించింది.

కంతలోంచి టోకెనక్కని కేకేసి అంతా చెప్పాను. మొదట పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. చేతిలో ఉన్న తడిగుడ్డ వైపు చూసుకుని బల్ల మీద పడేసింది.

"నేను నేర్పానా దానికి ఇది?" అంది.

"నువ్వు నేర్పలేదులే. అది నేర్చుకుంది."

"రెండూ ఒకటేలేవే," అని చిలకని పిలిచింది. "ఇదిగో చూడమ్మా, సంచీ వేరు, పాఠం వేరు. పాఠం అప్పజెప్పినా నీ దగ్గరే ఉంచుకోవాలి. తుడవకూడదు. తెలిసిందా?"

చిలక తలూపింది కానీ మొహం వాడిపోయింది. చాలాసేపు మెట్ల మీద కూర్చుని అరల వైపు చూసింది. తర్వాత అడిగింది. "మరి చోటు సరిపోతుందా అత్తా?"

"దేనికి?"

"ఆరో తరగతిలో లెక్కలకి ఒకరు, సైన్సుకి ఒకరు, చరిత్రకి ఒకరు, ఇంకా చాలామంది వస్తారట. అందరూ తెచ్చి పెడుతూనే ఉంటారు. తుడవకపోతే నిండిపోతుంది కదా? రద్దీ రోజున నువ్వు ఖాళీ లేదు, వెళ్ళిపోండి అంటావు కదా. నేను మాస్టారితో అలా అంటే బడిలోంచి పంపించేస్తారు."

అదీ సంగతి! ఆ పిల్ల సెలవులన్నీ ఈ భయంతోనే గడుపుతోంది. మనం బాదం పప్పులు పెడుతున్నాం!

తలలో చోటెంత ఉంటుందో నాకేం తెలుసు? టోకెనక్కకేం తెలుసు? చాలా ఉంటుందిలే అని చెప్పి చూశాను. "చాలా అంటే ఎంత? ఎవరు చూశారు?" అంది. నేను అడగాల్సిన ప్రశ్నలు అది అడుగుతుంటే నాకు ముచ్చటేసింది.

టోకెనక్క వెళ్ళి మెట్ల మీద చిలక పక్కన కూర్చుంది. పనివేళలో ఆమె కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"నువ్వు అప్పజెప్పేసిన సామాన్లలో నీకు ఒక్కటైనా గుర్తుందా అత్తా?" అని అడిగింది చిలక.

"లేదు," అంది టోకెనక్క, అలవాటు ప్రకారం. వెంటనే నాలుక కరుచుకుంది. చివరికి, "ఉన్నాయే," అంది.

"ఏంటి?"

"అన్నీ ఉన్నాయి."

నేను కంతలో తల దూర్చబోయి గోడకి నుదురు కొట్టుకున్నాను.

టోకెనక్క మొదలుపెట్టింది. లోపల టిక్కుటిక్కుమంటూ చప్పుడు చేసిన తోలు సంచీ. పోలీసుల్ని పిలిచి విప్పిస్తే గడియారాలు బాగుచేసే ముసలాయన సామాను, అన్ని గడియారాలూ వేర్వేరు టైములు చూపిస్తున్నాయట. ఒక చిన్నపిల్ల ఖాళీ పంజరం తెచ్చి పెట్టింది. సాయంత్రం వచ్చి తీసుకునేటప్పుడు లోపలికి తొంగిచూసి, ఇంకా రాలేదా అని అడిగిందట. పెట్టె పెట్టి, మళ్ళీ మళ్ళీ వచ్చి అది ఉందో లేదో చూసుకుని, చివరికి బస్సెక్కకుండానే దాన్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయిన కుర్రవాడు. ఏ అరలో పెట్టిందో, పట్టీ ఏ రంగో, తాళం ఉందో తాడు కట్టారో అన్నీ చెబుతోంది. తను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మొదటి సంచీ కూడా చెప్పింది.

"మరి గుర్తులేదు అంటావేంటి అందరితో?" అంది చిలక.

"గుర్తులేదు అనడం మర్యాదే. వాళ్ళ గుట్టు వాళ్ళది. అర తుడుస్తాను గానీ, తలకాయ తుడవడం ఎవరి తరమే? నేనెప్పుడూ తుడవలేదు. అయినా చూడు, ఇన్నేళ్ళ సామాను ఉంది, ఇవాళ పొద్దున్న వచ్చిన గొడుగుకి కూడా చోటు దొరికింది."

చిలక నోరు తెరుచుకుని అత్త తల వైపు చూసింది. నేనూ చూశాను. ఇంతకాలం ఏమీ ఎరగనట్టు నటించిన ఆ తల వైపు!

"అయితే ఆ ఎర్ర పెట్టె?" అన్నాను, ఇక ఆగలేక.

టోకెనక్క నవ్వింది. "ఆ పక్కన ఉన్నది ఆయన అత్తగారేనే. కూతురికి తెలియకుండా కట్టుడు పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చింది. అల్లుడు సాయం వచ్చాడు."

హమ్మయ్య! ఆ రోజు నాకు అన్నం సయించింది.

అప్పటి నుంచీ మధ్యాహ్నాలు మారిపోయాయి. చిలక ఒక పాఠం గురించి చెబితే, టోకెనక్క ఒక సంచీ గురించి చెప్పేది. అప్పజెప్పడం అన్న మాటని ఆ మెట్ల దగ్గర నిషేధించాం. చేతులు కట్టుకోకూడదు, కళ్ళు మూసుకోకూడదు. ఎదుటివాళ్ళ మొహం చూస్తూ మామూలుగా చెప్పాలి. మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చి ప్రశ్న వేయొచ్చు. ఆ పని నేను తీసుకున్నాను, నాకంటే అర్హులెవరు? మొదట్లో పాతది అడిగితే పిల్ల తడబడేది. తర్వాత మొన్నటిది నిలిచింది, ఆ పైన పోయిన వారానిది నిలిచింది. ఒక రోజు నేను అడగకుండానే, "పిన్నీ, ఆ గడియారాలన్నీ వేర్వేరు టైములు చూపిస్తే, వాటిలో సరైన టైము ఏదో ఆ తాతకి ఎలా తెలిసేది?" అంది. నాకు తెలియదన్నాను. "నాకూ తెలీదు," అని సంతోషంగా ఆలోచించుకుంటూ పోయింది.

కానీ ఒక చిక్కు మిగిలింది. ఆ సెలవుల ముందు తుడిచేసినవన్నీ తుడిచేసినట్టే ఉన్నాయి. అందులో భిన్నాలు ఒకటి. ఉన్న రోజుల్లో ఎంతని చెప్పగలం? నాకే భిన్నాలు అంతంత మాత్రం. టోకెనక్కకి ఇంకా తక్కువ. మాటలు పెడుతూ కూర్చుంటే భిన్నాలు రావు.

పెద్ద బడికి వెళ్ళిన రోజున నేనూ కొట్టు మూసి వెంట వెళ్ళాను. మా ఆయనకి చెప్పకండి. మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. కిటికీ తెరిచి ఉంది కాబట్టి వినడం నా తప్పు కాదు. ముందు సైన్సు మేడం, సన్నగా, ముక్కు మీదకి జారిన కళ్ళజోడుతో ఉంది.

"నీకు బాగా వచ్చిన పాఠం ఒకటి అప్పజెప్పు," అంది.

అన్ని మాటలుండగా ఆ మాటే దొరికిందా ఈవిడకి! టోకెనక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పనా, అప్పజెప్పనా?" అని అడిగింది చిలక.

"రెండిటికీ తేడా ఏమిటి?"

"అప్పజెప్పితే మీకు ఇచ్చేసినట్టు. చెబితే మీ దగ్గరా ఉంటుంది, నా దగ్గరా ఉంటుంది."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అయితే చెప్పు," అంది. చిలక మెట్ల మీద మళ్ళీ చదువుకున్న ఆవిరి పాఠం గురించి చెప్పింది. మధ్యలో మేడం అడ్డం వచ్చి ప్రశ్న వేస్తే, అది కూడా తిరిగి ఒకటి అడిగింది. అలా వాళ్ళిద్దరూ పక్కన ఎవరైనా ఉన్నారన్న ధ్యాస లేకుండా మాట్లాడుకున్నారు. టోకెనక్క నా మోచెయ్యి వదిలింది.

తర్వాత లెక్కల మాస్టారు. "మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా?"

"నాకు రాదండీ. ఇదివరకు వచ్చేది. అప్పజెప్పేశాను."

"ఎవరికి?"

"మా మాస్టారికి."

లెక్కల మాస్టారు ఇంకో ప్రశ్న వేశారు, మరొకటి వేశారు. దేనికీ జవాబు లేదు. ఆయన కసురుకోలేదు గానీ, పెద్దగా నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు వరండా దాకా వినిపించింది.

చివరికి హెడ్ మాస్టారు బయటికి వచ్చి మెత్తగానే చెప్పారు. సైన్సు మేడం ఈ పిల్ల కావాలంటోంది, లెక్కల మాస్టారు ఈ పిల్ల అందుకోలేదంటున్నారు. మొదటి పరీక్షల దాకా కూర్చోనిస్తాం. అప్పటికి లెక్కల్లో దారిన పడితే ఉంటుంది. లేకపోతే మీరు వేరే బడి చూసుకోవాలి. టోకెనక్క నమస్కారం పెట్టింది. దారిలో చిలక ఎగరలేదు. సీటు వచ్చిందని సంతోషించాలో, రాలేదని ఏడవాలో ఎవరికీ తెలియని సీటు అది. ఆ రాత్రే టోకెనక్క తమ్ముడికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తమ్ముడి దగ్గర దాచడం ఆమెకి చేతకాదు.

బడి తెరిచే ముందురోజు తమ్ముడు దిగాడు. ఎండకి నల్లబడ్డ మనిషి, మంచివాడే. నా దగ్గర పేపరు కొన్నాడు, కూతుర్ని దగ్గరికి తీసుకుని జుట్టు నిమిరాడు. తర్వాత బల్ల ఇవతల నిలబడి అక్కతో మాట్లాడాడు. టోకెనక్క అవతల, చిలక ఆమె పక్కన.

"ఇది అరకొర సీటక్కా. నాలుగు రోజులు కూర్చోబెట్టి, అలవాటు పడ్డాక పొమ్మంటే పిల్ల మనసు విరిగిపోతుంది. అప్పుడు నేను ఎక్కడ ఉంటానో, ఏ బడి దొరుకుతుందో! ఇప్పుడే తీసుకుపోతే నయం. ఆ క్యాంపు బడిలో ఏమీ అడగరు, ఊరికే చేర్చుకుంటారు. వాళ్ళమ్మ కూడా బెంగ పెట్టుకుంది."

అతని మాటలో తప్పేం లేదు. నేనైనా అదే అనేదాన్నేమో. చిలక ఏడవడం లేదు. అత్త మొహం వైపే చూస్తోంది. పాపం, ఆ పిల్ల చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది కదా.

"నువ్వు బాగా చూసుకున్నావక్కా, కాదనను. బట్టలు సర్దితే సాయంత్రం బస్సుకి బయల్దేరతాం. పిల్లని ఇచ్చెయ్యి."

ఎవరో కుర్రాడు ఇత్తడి బిళ్ళ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. టోకెనక్క అతని వైపు చూడలేదు. చిలక భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవ్వను," అంది.

నేను తప్పుగా విన్నాననుకున్నాను. తమ్ముడూ అలాగే అనుకున్నట్టున్నాడు. "ఏంటక్కా?" అన్నాడు.

"ఇవ్వనన్నాను."

"నా కూతురక్కా అది."

"నీ కూతురే. కాదన్నానా? సెలవులకి రా, తీసుకెళ్ళు, వాళ్ళమ్మకి చూపించు, మళ్ళీ తీసుకొచ్చి దింపు. ఇప్పుడు మాత్రం ఇవ్వను." చిలకని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "దానికి భిన్నాలు రావు. ఆ లెక్కల మాస్టారి కాళ్ళు పట్టుకుని నేను కూడా నేర్చుకుంటాను. అవి వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. వచ్చాక కూడా నా దగ్గరే ఉంటుంది."

తమ్ముడు అక్క మొహం చూశాడు. చిన్నప్పటినుంచీ ఆవిడ చేత ఏదీ కాదనిపించుకోని మనిషి, ఏం చెయ్యాలో తోచక సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కంతలోంచి తల తీసి పేపర్లు సర్దుకుంటున్నట్టు నటించాను.

సాయంత్రం బస్సుకి అతను ఒక్కడే వెళ్ళాడు.